ఉత్తుత్తి బాంబు

పోయినసారి గడియ, గంట, జాము లాంటి కాలం మాటల గురించి రాశాను. ఈసారి ఒకే ఒక్క గడియారం గురించి రాస్తాను. ఇది భాషాపాఠం కాదు, చరిత్ర. అయినా రెండు మాటలు ముందే పక్కపక్కన పెడుతున్నాను: అనుమానం, అవమానం. ఒక్క అక్షరమే తేడా. అనుమానం ఒకరి మనసులో పుడుతుంది, అవమానం ఇంకొకరికి జరుగుతుంది. తెలుగు చదవడం నేను యాభై దాటాక నేర్చుకున్నాను. అప్పుడు ఈ రెండు మాటలనూ నోటుబుక్కులో ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను. ఈ వ్యాసంలో రెండూ చాలాసార్లు వస్తాయి.

ఇర్వింగ్ అనే ఊరు డల్లాస్‌కి ఆనుకునే ఉంటుంది. మనవాళ్ళు చాలామంది ఉంటారు. అక్కడ థామస్ జెఫర్సన్ పార్కులో గాంధీగారి విగ్రహం ఉంది, 2014 అక్టోబరులో పెట్టారు. దాని కోసం తిరిగిన వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ విగ్రహం పెట్టి ఇంకా ఏడాది నిండలేదు. 2015 సెప్టెంబరు 14, సోమవారం. తొమ్మిదో తరగతి చదివే 14 ఏళ్ళ అబ్బాయి ఒకడు ఇంట్లో అమర్చిన గడియారం పట్టుకుని ఆ ఊరి మక్‌ఆర్థర్ హైస్కూలుకి వెళ్ళాడు. వాళ్ళ కుటుంబం సూడాన్ నుంచి వచ్చింది. ముస్లింలు. ఆ అబ్బాయి పేరు అప్పట్లో ప్రపంచమంతా మోగిపోయింది. ఇప్పుడతను పెద్దవాడయ్యాడు, తన బతుకు తను బతుకుతున్నాడు. అందుకని నేను పేరు రాయను.

పెన్సిళ్ళు పెట్టుకునే పెట్టెలో ఒక సర్క్యూట్ బోర్డు, అంకెలు వెలిగే చిన్న తెర, కొన్ని తీగలు. అంతే. ముందు ఇంజనీరింగ్ టీచరుకి చూపించాడు. టీచరు బాగుందన్నారు, కానీ ఇంకెవరికీ చూపించకు అని కూడా చెప్పారు. (ఈ రెండో ముక్క నాకు మొదటిదానికంటే ముఖ్యం. పిల్లాడి తెలివి చూసి సంతోషించిన మనిషికే, ఇది బయటపడితే ఏమవుతుందో కూడా తెలుసన్నమాట.) తర్వాత ఇంగ్లీషు క్లాసులో ఆ గడియారం కూతపెట్టింది. ఆ టీచరు చూసి బాంబులా ఉందన్నారు. కాదు, గడియారం అన్నాడు వాడు. గడియారాన్ని టీచరు తన దగ్గర పెట్టుకున్నారు. ఆ తర్వాత ప్రిన్సిపాల్, ఒక పోలీసు వచ్చి అబ్బాయిని క్లాసులోంచి తీసుకెళ్ళారు. ఒక గదిలో ఐదుగురు పోలీసులు తనను ప్రశ్నించారని అబ్బాయి తర్వాత చెప్పాడు. అమ్మానాన్నలు పక్కన లేరు. చేతులకు బేడీలు వేశారు. స్టేషన్‌కి తీసుకెళ్ళి వేలిముద్రలు తీసుకున్నారు. స్కూలు మూడు రోజులు సస్పెండ్ చేసింది. నాసా అని రాసిన టీషర్టు వేసుకుని, వెనక్కి విరిచిన చేతులకు బేడీలతో నిలబడిన ఆ ఫోటో మీలో కొంతమంది చూసే ఉంటారు.

గుళ్ళో ప్రవచనాలు విన్నవాళ్ళకు తాడు, పాము కథ తెలుసు. చీకట్లో తాడును చూసి పాము అనుకుని మనిషి భయపడతాడు. దీపం తెస్తే తాడే. భయం పోతుంది. ఈ కథను మా హాల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇర్వింగ్‌లో జరిగింది అది కాదు. స్కూలు ఖాళీ చేయించలేదు. బాంబులు తీసే దళాన్ని పిలవలేదు. ఆ పెట్టె స్కూల్లోనే ఉంది, పెద్దవాళ్ళు దాన్ని చేత్తో పట్టుకుని తిరిగారు. అంటే తాడు అని అందరికీ తెలుసు. తెలిసి కూడా, పాములా కనిపించినందుకు తాడుకు శిక్ష వేశారు.

ఇది ఎలా కుదిరింది? దానికి ఒక చట్టం ఉంది. టెక్సాస్ నేరశిక్షా స్మృతిలో హోక్స్ బాంబ్ అనే నేరం ఉంది. హోక్స్ బాంబ్‌కి తెలుగులో ఏమనాలా అని ఆలోచించాను. పత్రికల్లో ‘నకిలీ బాంబు’ అంటారు. కానీ పిల్లలు ఆడుకునేటప్పుడు మనం ‘ఉత్తుత్తి’ అంటాం కదా, ఉత్తుత్తి వంట, ఉత్తుత్తి పెళ్ళి. నాకు ఆ మాటే సరిపోయిందనిపించింది. ఉత్తుత్తి బాంబు. అయితే ఆ చట్టం ప్రకారం వస్తువు బాంబులా కనిపిస్తే చాలదు. ఇతరులను నమ్మించాలని గానీ, భయపెట్టాలని గానీ ఉద్దేశం ఉండాలి. ఈ అబ్బాయి మొదటినుంచీ గడియారం, గడియారం అనే చెప్పాడు. ఆ సంగతి పోలీసులే ఒప్పుకున్నారు. గడియారం అని తప్ప ఇంకేమీ వివరంగా చెప్పడం లేదన్నది వాళ్ళ ఫిర్యాదు. గడియారం గురించి ఇంకేం చెప్పాలి?

రెండు రోజుల తర్వాత, 16న, కేసు పెట్టడం లేదని పోలీసు చీఫ్ ప్రకటించారు. ఏ పిల్లవాడైనా తాము ఇలాగే చేసేవాళ్ళమని కూడా అన్నారు. అదే రోజు ప్రెసిడెంటు ఒబామా ట్విటర్‌లో ఆ అబ్బాయి గడియారాన్ని మెచ్చుకుని వైట్‌హౌస్‌కి రమ్మన్నారు. అక్టోబరులో అక్కడ నక్షత్రాలు చూసే రాత్రికి వెళ్ళాడు. ఆ వెంటనే కుటుంబం ఖతార్‌కి వెళ్ళిపోతున్నామని చెప్పింది. ఇంకోవైపు వెక్కిరింపులు మొదలయ్యాయి. వాడేమీ కనిపెట్టలేదు, కొన్న గడియారం విప్పి పెట్టెలో పెట్టాడంతే అని కొందరు వీడియోలు చేశారు. అయ్యుండవచ్చు. విప్పి చూడటం కూడా పిల్లలు చేసే పనే. దానికి మార్కులు తక్కువ వేయండి. బేడీలు ఎందుకు?

ఇంతవరకు కథ చాలామందికి తెలుసు. నాకు కావలసింది ఆ సోమవారం వెనకాల ఉన్న సంవత్సరాలు. ఒక టీచరు తొందరపడ్డారు, ఒక పోలీసు మొండివాడు అనుకుంటే ఇది చిన్న కథ. కానీ పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయాలంటే ముందు ఎవరో ఒకరు ఆ బ్రహ్మాస్త్రాన్ని స్కూలు దాకా తెచ్చిపెట్టి ఉండాలి కదా.

దగ్గరి సంగతి ముందు. అదే 2015 మార్చిలో ఇర్వింగ్ సిటీ కౌన్సిల్‌లో ఒక తీర్మానం మీద ఓటు పడింది. కోర్టుల్లో విదేశీ చట్టాలను వాడకూడదనే ఒక రాష్ట్ర బిల్లుకు మద్దతు ఇవ్వాలా వద్దా అని. 5 ఓట్లు అటు, 4 ఇటు, తీర్మానం నెగ్గింది. బిల్లులో ఏ మతం పేరూ లేదు. కానీ అంతకుముందు కొన్ని వారాలుగా డల్లాస్ దగ్గర ముస్లింలు సొంత కోర్టు పెట్టారని పుకార్లు తిరిగాయి, మేయర్ కూడా దాని గురించి మాట్లాడారు. ఎవరిని దృష్టిలో పెట్టుకున్నారో ఊళ్ళో అందరికీ తెలుసు. గడియారం కూతపెట్టింది ఆ ఊళ్ళో, ఆ సంవత్సరంలో.

దూరపు సంగతి ఇంకా పాతది. స్కూలు, పోలీసు ఒకే పక్క నిలబడి పిల్లలను శిక్షించిన రోజు కోసం వెతికితే నాకు దొరికినవాటిలో అందరికీ తెలియాల్సింది అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్, 1963 మే 2. నల్లజాతి పిల్లలు వందలమంది, కొందరు మరీ చిన్నవాళ్ళు, స్కూలు మానేసి సిక్స్‌టీన్త్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చిలో పోగయ్యారు. ఒక హైస్కూల్లో గేటుకు తాళం వేస్తే గోడ దూకి వచ్చారు. చర్చిలోంచి గుంపులు గుంపులుగా పాడుకుంటూ బయటికి నడిచారు. పర్మిట్ లేకుండా ఊరేగింపు చేశారని అరెస్టు చేశారు. పోలీసు బళ్ళు చాలక, జైలుకి తీసుకెళ్ళడానికి స్కూలు బస్సులు తెప్పించారు. మర్నాడు ఇంకా పిల్లలు వచ్చారు. వాళ్ళ మీదికి అగ్నిమాపక గొట్టాలతో నీళ్ళు కొట్టారు, కుక్కలను వదిలారు. ఆ ఫోటోలు మీ స్కూలు పుస్తకాల్లో ఉంటాయి.

పుస్తకాల్లో తక్కువగా ఉండేది ఆ తర్వాతి భాగం. మే 20న స్కూలు బోర్డు వెయ్యి మందికి పైగా పిల్లలను సస్పెండ్ చేయడమో తీసేయడమో చేసింది. పోలీసు పని అయిపోయాక స్కూలు తన పని మొదలుపెట్టిందన్నమాట. ఆ ఏడాది చదువు పోయేదే. రెండు రోజుల్లో పై కోర్టు జడ్జి ఎల్బర్ట్ టటిల్ ఆ ఉత్తర్వును ఆపారు. టటిల్ గారి పేరు నాకు అరవై దాటేదాకా తెలియదు. సికింద్రాబాద్‌లో ఇంగ్లీషు మీడియం స్కూల్లో మాకు ఇంగ్లండు రాజుల పేర్లు వరుసగా నేర్పారు. టటిల్ లాంటి పేర్లు రాలేదు.

స్కూల్లోనే పోలీసును కూర్చోబెట్టడం కూడా ఆ కాలంలోనే మొదలయింది. మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ అనే ఊళ్ళో 1958లో మొదలైన కార్యక్రమాన్ని అందరూ మొదటి ఉదాహరణగా చెబుతారు. పిల్లలకు పోలీసంటే భయం పోవాలి, స్నేహం పెరగాలి అన్నది ఉద్దేశం. చాలా ఏళ్ళు ఇలాంటివి కొద్ది చోట్లే ఉండేవి. పెద్ద సంఖ్యలో వచ్చింది 1990లలో.

1990లు నాకు బాగా గుర్తు, అప్పటికి నేను ఈ దేశంలోనే ఉన్నాను. టీవీ పెడితే నేరాలే. 1995లో ఒక ప్రొఫెసర్ ‘సూపర్ ప్రెడేటర్’ అనే మాట పుట్టించాడు. ప్రెడేటర్ అంటే వేటాడే మృగం. దయాదాక్షిణ్యం లేని కుర్రాళ్ళ తరం ఒకటి వస్తోందని జోస్యం. ఆ తరం రాలేదు. పిల్లల నేరాలు పెరగకపోగా తగ్గాయి. ఆ ప్రొఫెసరే తర్వాత విచారం వెలిబుచ్చాడు. కానీ అప్పటికే చట్టాలు వచ్చేశాయి. 1994లో గన్ ఫ్రీ స్కూల్స్ చట్టం: తుపాకీ తెచ్చిన విద్యార్థిని ఏడాదిపాటు బయటికి పంపాలి, లేకపోతే రాష్ట్రానికి కేంద్రం డబ్బు రాదు. తుపాకీ విషయంలో దీన్ని తప్పు పట్టేవాళ్ళు తక్కువ, నేనూ తప్పు పట్టను. కానీ స్కూళ్ళు దాన్ని పట్టుకుని తుపాకీ దగ్గర ఆగలేదు. కత్తి, కత్తెర, తలనొప్పి మాత్ర, చివరికి ఎదురు మాట. దీనికి ‘జీరో టాలరెన్స్’ అని పేరు. అంటే సహనం సున్నా. 2013లో మేరీల్యాండ్‌లో ఏడేళ్ళ పిల్లవాడు తినే బిస్కట్టులాంటి పేస్ట్రీని తుపాకీ ఆకారంలో కొరికాడని రెండు రోజులు సస్పెండ్ చేశారు. నేను కల్పించడం లేదు.

1999 ఏప్రిల్ 20న కొలరాడోలో కొలంబైన్ హైస్కూలు కాల్పులు. పదమూడు మంది చనిపోయారు. ఆ భయం నిజమైన భయం. అప్పుడు స్కూలుకి వెళ్ళే పిల్లలున్న ప్రతి ఇంట్లో ఆ రాత్రి ఎలా గడిచిందో వాళ్ళకే తెలుసు. ఆ తర్వాత కేంద్రం స్కూలు పోలీసుల కోసం ఊళ్ళకు డబ్బు పంచింది. కొన్నేళ్ళలో ఆ డబ్బుతో 6,000కు పైగా పోలీసులను స్కూళ్ళలో పెట్టారు. ఒకసారి స్కూల్లో పోలీసు కూర్చున్నాక ఇంకో మార్పు వచ్చింది, చప్పుడు లేకుండా. ఇంతకుముందు హెడ్మాస్టరు గదికి వెళ్ళే గొడవ ఇప్పుడు పోలీసు గదికి వెళ్ళడం మొదలైంది. కొట్లాట ‘దాడి’ అయింది. అల్లరి ‘శాంతిభంగం’ అయింది. పని అదే, పేరు మారింది. పేరు మారితే శిక్ష మారుతుంది.

ఇక కోర్టులు. ఇక్కడ మన మొదటి మాట అనుమానం మళ్ళీ వస్తుంది. 1980లో న్యూజెర్సీలో పిస్కాటవే అనే ఊళ్ళో 14 ఏళ్ళ అమ్మాయి స్కూలు బాత్రూములో సిగరెట్ తాగుతూ పట్టుబడింది. స్కూలు అధికారి ఆమె చేతిసంచి వెతికాడు. (పిస్కాటవే వైపు ఇప్పుడు ఎంతమంది తెలుగువాళ్ళున్నారో మీకు తెలుసు. అప్పుడు లేరు.) వారెంటు లేకుండా సంచి వెతకవచ్చా? కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1985లో తీర్పు వచ్చింది. ఆ అమ్మాయి పేరు బయటపెట్టకుండా టి.ఎల్.ఓ. అనే మూడు అక్షరాలతోనే కేసును పిలుస్తారు. పిల్లలకూ రాజ్యాంగం వర్తిస్తుంది, నిజమే, కానీ బయట పోలీసుకు కావలసినంత గట్టి కారణం స్కూలు వాళ్ళకు అక్కర్లేదు, ‘సహేతుకమైన అనుమానం’ చాలు అన్నది కోర్టు. సహేతుకం అంటే హేతువుతో కూడినది, కారణం చెప్పగలిగినది. మాట బాగానే ఉంది. కానీ ఎవరికి సహేతుకం? పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని మన సామెత. వాడి కంటికి అది సహేతుకమే.

దీనికి ముందు ఇంకో కేసు ఉంది, నాకు ఇష్టమైనది. అరిజోనాలో 1964లో జెరాల్డ్ గాల్ట్ అనే 15 ఏళ్ళ కుర్రవాడు పక్కింటావిడకి అసభ్యంగా ఫోన్ చేశాడని పట్టుకెళ్ళారు. తల్లిదండ్రులు ఇంట్లో లేరు, వాళ్ళకు చెప్పలేదు కూడా. లాయరు లేడు, ఫిర్యాదు చేసినావిడ కోర్టుకి రాలేదు. 21 ఏళ్ళు వచ్చేదాకా బాలనేరస్థుల బడిలో ఉండమని జడ్జి పంపాడు. అంటే ఆరేళ్ళు. అదే పని పెద్దవాళ్ళు చేస్తే 50 డాలర్ల జరిమానా, లేదంటే రెండు నెలల జైలు, అంతకుమించి లేదు. 1967లో సుప్రీంకోర్టు ఇది కుదరదంది. పిల్లవాడైనా సరే, ఆరోపణ ఏమిటో చెప్పాలి, లాయరు ఉండాలి, మాట్లాడకుండా ఉండే హక్కు ఉంది. ఆ తీర్పు ఇప్పటికీ నిలిచే ఉంది. కానీ అది కోర్టు గదికి సంబంధించినది. ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్న పిల్లవాడి దాకా అది పూర్తిగా రాలేదు.

ఇంతవరకు చెప్పింది అతి గురించి. రంగు గురించి ఇంకా చెప్పలేదు. మీరు అడగవచ్చు, నియమం అందరికీ ఒకటే కదా, అందులో జాతి ఎక్కడ ఉంది అని. (జాతి అనే మాటతో జాగ్రత్త. జాతీయ గీతం అన్నప్పుడు దేశం, జాతి వివక్ష అన్నప్పుడు రేస్, పాతకాలం పెద్దవాళ్ళ నోట కులం. ‘రేషియల్ ప్రొఫైలింగ్’కి సరిగ్గా సరిపోయే తెలుగు మాట నాకు దొరకలేదు. మొహం చూసి ముద్ర వేయడం అని చెప్పుకుంటాను.)

దీనికి జవాబు మా టెక్సాస్‌లోనే ఉంది. 2011 జులైలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. దాదాపు పది లక్షల మంది టెక్సాస్ పిల్లల రికార్డులు, ఏడో తరగతి నుంచి కనీసం ఆరేళ్ళపాటు చూశారు. కొంతమందిని ఎంచుకుని కాదు, ఆ తరగతుల్లో ఉన్న ప్రభుత్వ స్కూలు పిల్లలందరినీ. పన్నెండో తరగతి అయ్యేలోగా నూటికి దాదాపు 60 మంది కనీసం ఒకసారి సస్పెండ్ అయ్యారు లేదా బయటికి పంపబడ్డారు. చట్టం తప్పనిసరిగా శిక్ష వేయాలన్న నేరాలు, అంటే తుపాకీ లాంటివి, ఆ శిక్షల్లో నూటికి మూడే. మిగతావన్నీ స్కూలు తన ఇష్టం మీద వేసినవి. ఇప్పుడు అసలు సంగతి. తప్పనిసరి శిక్షల్లో నల్లజాతి పిల్లలు తెల్లవాళ్ళకంటే ఎక్కువ లేరు. ఇష్టం మీద వేసే శిక్షల్లో మాత్రం, మిగతా 83 అంశాలు సమానంగా ఉన్నా, నల్లజాతి పిల్లవాడికి శిక్ష పడే అవకాశం 31 శాతం ఎక్కువ.

ఇష్టం మీద నిర్ణయించే అధికారాన్ని తెలుగులో విచక్షణాధికారం అంటారు. విచక్షణ అంటే మంచిచెడ్డలు వేరుచేసి చూసే తెలివి. వివక్ష అంటే మనుషులను వేరుచేసి చూడటం. ఈ రెండు మాటలనూ నోటుబుక్కులో ఒకదాని కింద ఒకటి రాసుకోండి. ఆ అధ్యయనం చెప్పింది అదే, ఒకటి చేయాల్సిన చోట ఇంకొకటి చేస్తున్నారని.

దేశమంతా చూసినా ఇదే. 2015-16 విద్యాసంవత్సరంలో నల్లజాతి పిల్లలు స్కూళ్ళలో 15 శాతం. పోలీసులకు అప్పగించిన లేదా అరెస్టయిన పిల్లల్లో 31 శాతం. ఇంకో లెక్క 2014లో బయటికి వచ్చినప్పుడు నేను రెండుసార్లు చదివాను. బడికి ముందు బడి, ప్రీస్కూల్, నాలుగేళ్ళ పిల్లలు. అక్కడ నల్లజాతి పిల్లలు 18 శాతం. ఒకటికంటే ఎక్కువసార్లు సస్పెండ్ అయిన వాళ్ళలో 48 శాతం. నాలుగేళ్ళ పిల్ల ఏం చేస్తే సస్పెండ్ చేస్తారు?

గడియారానికి రెండేళ్ళ ముందు, 2013 ఏప్రిల్‌లో, ఫ్లోరిడాలో బార్టో అనే ఊళ్ళో 16 ఏళ్ళ నల్లజాతి అమ్మాయి స్కూలు ఆవరణలో ఒక చిన్న సీసాలో బాత్రూము కడిగే ద్రవం, అల్యూమినియం కాగితం కలిపింది. మూత టప్పున ఎగిరింది, కాస్త పొగ వచ్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బాగా చదివే పిల్ల. స్కూల్లోంచి తీసేసి, పెద్ద నేరం కింద అరెస్టు చేశారు. దేశమంతా గోల చేశాక కేసు ఎత్తేశారు. ఆ అమ్మాయి గురించి మా గుళ్ళో ఎవరూ మాట్లాడుకున్నట్టు నాకు గుర్తులేదు.

గడియారం గురించి మాట్లాడుకున్నారు. మా ఊళ్ళో జరిగింది కాబట్టి. ఆ వారం ప్రసాదం పొట్లాలు కడుతూ ఒకాయన అన్నారు, “మనకేం కాదండీ, మన పిల్లలు అలాంటివాళ్ళు కాదు కదా.” ఇంకొకావిడ, “అసలు అలాంటివి స్కూలుకి ఎందుకు పంపించాలి, తల్లిదండ్రులు చూసుకోవద్దూ?” అన్నారు. ఒక తండ్రి మాత్రం ఏమీ అనలేదు. ఆయన కొడుకు రోబోటిక్స్ టీములో ఉన్నాడు, ఇంటినిండా తీగలే. మర్నాడు సంచి తీసి చూశానని నాతో తర్వాత చెప్పారు. నిందించడానికి ఈ మాటలు రాయడం లేదు. మనం మార్కులు చూసి, ఇళ్ళ ధరలు చూసి, మంచి స్కూలు అని ఎంచుకుని వచ్చినవాళ్ళం. కఠినంగా ఉండే స్కూలు మనకు ఇష్టం. ‘జీరో టాలరెన్స్’ అని కాగితం మీద చూస్తే, మన పిల్లలను కాపాడటానికే అనుకుని సంతకం పెట్టాం. అది ఎవరి పిల్లల కోసం రాశారో అడగలేదు. కానీ మొహం చూసి ముద్ర వేసేవాడు ముందు పాస్‌పోర్టు అడగడు, ఏ గుడికి వెళతావని అడగడు.

దీనికి అదే సంవత్సరం ఫిబ్రవరిలో సాక్ష్యం దొరికింది, స్కూల్లో కాకపోయినా. అలబామాలోనే, మాడిసన్ అనే ఊళ్ళో. మనవడిని చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ళ తాతగారు పొద్దున్నే కొడుకు ఇంటి బయట నడుస్తున్నారు. ఎవరో నల్లవాడు ఇళ్ళ వైపు చూస్తూ తిరుగుతున్నాడని పొరుగువాళ్ళు పోలీసులకు ఫోన్ చేశారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషు లేదు, ఇండియా అని చెప్పడానికి ప్రయత్నించారు. పోలీసు ఆయన్ని నేలకేసి కొట్టాడు. మెడ దెబ్బతిని కాళ్ళూచేతులూ సరిగా ఆడని స్థితి వచ్చింది. ఆ పోలీసు మీద విచారణ రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ జ్యూరీ తేల్చలేకపోయింది, 2016 జనవరిలో జడ్జి కేసు కొట్టేశారు. మన అమ్మమ్మలు, తాతయ్యలు ఆరేసి నెలలు వచ్చి ఉండేది కూడా ఇలాంటి వీధుల్లోనే, పొద్దున్నే నడిచేది కూడా అలాగే. ఈ వార్త తర్వాత మా గుడి తరఫున ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్ళకు ఇంటి అడ్రసు, పిల్లల ఫోన్ నంబరు ఇంగ్లీషులో రాసిన చిన్న కార్డులు చేసి ఇచ్చాం. పాతికో యాభయ్యో చాలనుకున్నాను. మూడుసార్లు మళ్ళీ అచ్చు వేయించాల్సి వచ్చింది.

గడియారం కేసు కోర్టులో ఏమయిందో కూడా చెప్పాలి. 2016 ఆగస్టులో కుటుంబం స్కూలు జిల్లా మీద, ఊరి మీద దావా వేసింది. 2017లో ఒకసారి, 2018 మార్చిలో చివరగా, కేంద్ర కోర్టు జడ్జి దాన్ని కొట్టేశారు. జాతి వల్లా మతం వల్లా ఇలా చేశారని నిలబెట్టడానికి సరిపడా వాస్తవాలు దావాలో లేవన్నారు. న్యాయశాస్త్రం తెలిసినవాళ్ళకు ఇది వింతగా అనిపించదు. వేరే రంగు పిల్లవాడు అదే స్కూల్లో అదే పని చేసి తప్పించుకున్నాడని చూపించాలి. ఒకే పెట్టె, ఇద్దరు పిల్లలు, ఎక్కడ దొరుకుతారు? పది లక్షల మందిని లెక్కపెడితే కనబడేది, ఒక్క పిల్లవాడి కేసులో కనబడదు. నాకు ఆ తీర్పు కంటే ఈ కొలత ఎక్కువ బాధ కలిగించింది.

ఆ మధ్యలో కొన్ని మంచి మార్పులూ వచ్చాయి. టెక్సాస్‌లో క్లాసులో అల్లరికి పిల్లలకు పోలీసు టికెట్లు రాసేవారు, ట్రాఫిక్ టికెట్ లాగా. 2013లో శాసనసభ దాన్ని చాలావరకు ఆపింది. 2014 జనవరిలో కేంద్రం స్కూళ్ళకు రంగు చూసి శిక్షలు వేయవద్దని మార్గదర్శకాలు పంపింది. 2018 డిసెంబరులో వాటిని వెనక్కి తీసుకున్నారు. సౌత్ కరోలినాలో 2015 అక్టోబరులో, గడియారం తర్వాత ఆరు వారాలకు, ఫోను విషయంలో మొండికేసిన అమ్మాయిని ఒక పోలీసు కుర్చీతో సహా వెనక్కి పడేసి ఈడ్చాడు. వీడియో అందరూ చూశారు. అక్కడ ‘స్కూలుకి భంగం కలిగించడం’ అనేది నేరం. ఆ చట్టం 1919 నాటిది. 2018లో ఆ స్కూలు విద్యార్థుల మీద దాన్ని వాడకుండా మార్చారు.

తర్వాత 2022 మే 24 వచ్చింది. మా టెక్సాస్‌లోనే, యువాల్డీ. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ఉత్తుత్తి కాదు. ఆ రోజు 376 మంది పోలసులు వచ్చారని శాసనసభ కమిటీ లెక్క తేల్చింది. తలుపు దాటి లోపలికి వెళ్ళడానికి గంటకు పైగా పట్టింది. గడియారం తెచ్చిన పిల్లవాడి గదిలోకి ఎంతసేపట్లో వెళ్ళారో పోల్చకుండా ఉండటం నావల్ల కాలేదు. 2023లో రాష్ట్రం కొత్త చట్టం చేసింది, ప్రతి స్కూల్లో ఆయుధంతో ఒక అధికారి ఉండాలని. తల్లిదండ్రులు వద్దనలేదు. నేనూ వద్దనలేను. నా మనవరాలి స్కూల్లో ఉన్నాయన పొద్దున్నే గేటు దగ్గర పిల్లలందరినీ పేరు పెట్టి పలకరిస్తాడు. మంచి మనిషి. కానీ నియమాలు మంచి మనిషిని చూసి రాయరు.

చివరగా ఒక తీర్పు గురించి చెప్పి ఆపుతాను, పిల్లలకు పనికొచ్చేది కాబట్టి. నార్త్ కరోలినాలో 13 ఏళ్ళ పిల్లవాడిని క్లాసులోంచి తీసుకెళ్ళి, తలుపు మూసిన గదిలో పోలీసు, స్కూలు అధికారులు ప్రశ్నించారు. ఇంటివాళ్ళకు ఫోన్ చేయలేదు. 2011లో సుప్రీంకోర్టు, 5 మంది ఒకవైపు, 4 మంది ఒకవైపు, ఇలా చెప్పింది: ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోవచ్చని పిల్లవాడు అనుకోగలడా లేదా అని చూసేటప్పుడు వాడి వయసును లెక్కలోకి తీసుకోవాలి. పెద్దవాడికి తెరిచి ఉన్నట్టు కనిపించే తలుపు పిల్లవాడికి మూసినట్టే ఉంటుంది. నాలుగేళ్ళ తర్వాత ఇర్వింగ్‌లో ఈ తీర్పు ఎవరికి గుర్తొచ్చిందో నాకు కనబడలేదు.

మా ఆదివారం క్లాసులో పిల్లలతో అన్నీ తెలుగులోనే చెప్పిస్తాను. నీళ్ళు కావాలన్నా తెలుగే. ఒక్క వాక్యం మాత్రం ఇంగ్లీషులో చెప్పమంటాను, గట్టిగా, మర్యాదగా, అవతలివాళ్ళు ఎవరైనా సరే: మా అమ్మానాన్నలను పిలవండి, వాళ్ళు వచ్చాకే మాట్లాడతాను.